కుక్కకు ఆరోగ్యశ్రీ లేదు: పశువైద్యం బిల్లు తడిసి మోపెడు కాకుండా ఏం చేయాలి

రాత్రి పదకొండున్నరకి బూందీని స్టీలు బల్ల మీద పడుకోబెట్టాను. మూడున్నర నెలల కుక్కపిల్ల. పొద్దుట్నుంచి నాలుగుసార్లు కక్కింది. సాయంత్రానికి నెత్తుటి విరేచనాలు మొదలయ్యాయి. ఆ వాసన ఒకసారి తెలిసినవాళ్ళు జన్మలో మర్చిపోరు. డాక్టర్ గారు పరీక్ష కిట్ పెట్టి, రెండో గీత చూపించి, "పార్వో" అన్నారు. కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు అది. కౌంటర్‌లో అబ్బాయి "పదిహేను వేలు అడ్వాన్స్ కట్టండి మేడమ్" అన్నాడు. మొత్తం ఎంతవుతుందని అడగడానికి నోరు పెగల్లేదు. పసిదాని ప్రాణానికి బేరమాడుతోంది అనుకుంటారేమోనని సిగ్గు. కార్డు తీసి ఇచ్చేశాను.

ఆరో రోజు బూందీ తోక ఊపుకుంటూ బయటికొచ్చింది. బిల్లు 35,800. ఇంటికొచ్చాక ఒక్కో వరుసా చదివాను. వార్డు రోజుకు 1,500 చొప్పున 9,000. సెలైన్లు, ఇంజెక్షన్లు 13,400. డాక్టర్ విజిట్ రోజుకు రెండుసార్లు, 400 చొప్పున 4,800. రక్తపరీక్ష మూడుసార్లు 3,300. పార్వో కిట్ 1,200. రాత్రి వచ్చినందుకు 1,500. చివర్న 'కన్స్యూమబుల్స్' అని 2,600. ఆ దూదీ సిరంజీలూ ఏ బంగారంతో చేశారో ఇప్పటికీ తెలీదు.

ఇందులో మోసమేమీ లేదు. వాళ్ళు బతికించారు. కానీ నెల రోజుల క్రితం బూందీకి రెండో డోసు టీకా వేయించాల్సి ఉంది. "నెలాఖరు కదా, జీతం పడ్డాక వేయిద్దాం" అని వాయిదా వేసింది నేనే. దాని ఖరీదు 900 రూపాయలు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను.

మనుషులకైతే ఆరోగ్యశ్రీ ఉంది, ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది. కుక్కకూ పిల్లికీ అవేమీ లేవు, విడిగా పాలసీ కొంటే తప్ప ప్రతి రూపాయీ మన జేబులోంచే. ఆ తర్వాత నాలుగేళ్ళలో నేను నేర్చుకున్నవి ఇక్కడ వరసగా చెప్తున్నాను. మీ ఇంట్లో ఇప్పటికే జంతువుంటే మొదటిది వదిలేసి రెండో దానికి వెళ్ళిపోండి.

1. తెచ్చుకునే ముందే లెక్కేయండి

హైదరాబాద్ మే నెలలో మంచు ప్రాంతాల జాతి హస్కీని పెంచడమంటే ఏసీ బిల్లుని పెంచడమే. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఊపిరి సమస్య పుట్టుకతోనే వస్తుంది. ఎండదెబ్బ వాటికి తొందరగా తగులుతుంది, ముఖం ముడతల్లో చర్మవ్యాధులు వస్తూనే ఉంటాయి. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్‌లకు తుంటి కీళ్ళ బాధ ఎక్కువ. మన వీధికుక్క పిల్లకి ఇవి తక్కువ. పైగా దాన్ని ఎవరూ ముప్ఫై వేలకి అమ్మరు. నా అభిప్రాయం అడిగితే, ఆ ముప్ఫై వేలూ పక్కన పెట్టి ఊరకుక్క పిల్లని తెచ్చుకోండి. మొదటి రెండేళ్ళ మామూలు వైద్యానికి ఆ డబ్బే సరిపోవచ్చు.

2. దాని పేరున ఒక ఖాతా

పెద్ద ప్లానేం కాదు. పోస్టాఫీసులో గానీ బ్యాంకులో గానీ నెలకు వెయ్యో పదిహేనొందలో పడే ఆర్డీ ఒకటి. దాంతోపాటు రాత్రికి రాత్రి తీసుకోగలిగేలా సేవింగ్స్‌లో ఐదారు వేలు కదపకుండా ఉంచండి. చీటీ పాట మీద ఆధారపడొద్దు. పాట వచ్చేదాకా రోగం ఆగదు.

3. టీకాల పుస్తకం: ముద్ర కాదు, స్టిక్కర్ చూడండి

పార్వో, డిస్టెంపర్ (కుక్కల ప్రాణం తీసే ఇంకో వైరస్ జబ్బు) లాంటివాటికి కలిపి వేసే టీకాని దుకాణాల్లో 'సెవెన్ ఇన్ వన్', 'నైన్ ఇన్ వన్' అంటారు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటిది. అక్కణ్ణుంచి మూడు నాలుగు వారాలకొకటి, పిల్లకి పదహారు వారాలు నిండేదాకా. ఇన్నిసార్లు ఎందుకంటే, తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగ్గా పట్టదు. ఆ రక్షణ ఏ వారంలో తగ్గుతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. అందుకే వరసలో ఏ ఒక్కటి తప్పినా కోట గోడలో కన్నం ఉన్నట్టే. చివరి డోసు పడేదాకా పిల్లని వీధిలో, పార్కులో కింద దింపొద్దు. ఎత్తుకుని తిప్పండి.

రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. తర్వాత ఏటా. దీనికి డబ్బు కూడా అక్కర్లేని రోజులు రెండున్నాయి. జూలై 6 జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల దినం), సెప్టెంబర్ 28 ప్రపంచ రేబిస్ దినం. ఆ రోజుల్లో రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేసే శిబిరాలు పెడుతుంటారు. ముందు రోజు వెళ్ళి ఎన్నింటికి మొదలవుతుందో కనుక్కోండి. మధ్యాహ్నానికల్లా మందు అయిపోవడం మామూలే.

టీకా వేసేటప్పుడు పుస్తకంలో ముద్ర ఉంటే చాలదు. టీకా సీసా మీది చిన్న స్టిక్కర్‌ని ఒలిచి పుస్తకంలో అంటిస్తారు. అందులో బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. అది లేని టీకా వేశారో లేదో దేవుడికే ఎరుక. కుక్కపిల్లలు అమ్మేవాళ్ళు "రెండు డోసులు అయిపోయాయి సార్" అని చూపించే పుస్తకాల్లో ఈ స్టిక్కర్ కోసమే వెతకండి. టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఎవరైనా జేబులోంచి తీసి వేస్తానంటే వద్దనండి.

నట్టల మందు కూడా ఇక్కడే చెప్పేస్తాను. పసిపిల్లకి రెండు వారాలకోసారి, మూడు నెలలు దాటాక నెలకోసారి, ఆరు నెలలు దాటాక మూడు నెలలకోసారి. డోసు బరువుని బట్టి ఉంటుంది. ఇంట్లో తూకం మిషన్ మీద కుక్కని ఎత్తుకుని ఒకసారి, మీరు ఒక్కరే ఒకసారి నిలబడి తీసేస్తే బరువు తెలిసిపోతుంది. ఏ మాత్రకైనా ఈ అంకె కావాలి, ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

4. పిడుదులు: మన ఊళ్ళలో ఎక్కువ డబ్బు తినేది ఇదే

కుక్క రెండ్రోజులుగా తిండి ముట్టదు. ఒళ్ళు కాలుతుంది. చిగుళ్ళు పాలిపోతాయి. కొన్నిటికి ముక్కులోంచి రక్తం కారుతుంది. దీన్ని అందరూ 'టిక్ ఫీవర్' అంటారు. పిడుదు కుట్టినప్పుడు రక్తంలోకి చేరే ఎర్లీకియా, బబీసియా లాంటి సూక్ష్మజీవులతో వస్తుంది. ప్లేట్‌లెట్లు పడిపోతాయి. మొదట్లోనే పట్టుకుంటే ఒక రక్తపరీక్ష, మాత్రలతో తేలిపోతుంది. వారం ఆలస్యమైతే రక్తం ఎక్కించే దాకా వెళ్తుంది.

మందు కంటే ముందు గోడలు చూడండి. మా ఫ్లాట్‌లో బూందీ ఒంటి మీద వారానికి రెండో మూడో పిడుదులు కనిపించేవి. ఏరేసి ఊరుకునేదాన్ని. ఒకరోజు బాల్కనీలో స్విచ్‌బోర్డ్ పాడైతే ఎలక్ట్రీషియన్ మూత విప్పాడు. లోపల ఆవాల గింజల్లా కుప్ప. పెద్దవి శనగగింజంత. ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ వదిలేసి "అమ్మా, ఇవేంటి?" అన్నాడు. కుక్కకి పట్టే గోధుమరంగు పిడుదు రక్తం తాగాక కుక్క ఒంటి మీద ఉండదు. దిగిపోయి గోడ పగుళ్ళలో, తలుపు చట్రాల వెనక, పరుపు కింద వేల గుడ్లు పెడుతుంది. కాబట్టి కుక్క మీద మీకు కనిపించేది వచ్చిన సైన్యంలో ముందు వరస మాత్రమే. పగుళ్ళని సిమెంటుతో పూడ్చండి. కుక్క పడుకునే బట్టల్ని వారం వారం వేడినీళ్ళలో ఉతకండి.

కుక్కకి నెలకోసారి మెడ మీద వేసే చుక్కలు, ఫిప్రోనిల్ స్ప్రే, నెలకో మూడు నెలలకో ఒకటి తినిపించే మాత్రలు ఉన్నాయి. మాత్రల ఖరీదు మొదట చూస్తే గుండె ఆగుతుంది. కానీ ఒక టిక్ ఫీవర్ ఖర్చుతో ఏడాది మాత్రలొస్తాయి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఒక జాగ్రత్త. కుక్కల పిడుదుల మందుల్లో పెర్మెత్రిన్ అనే రసాయనం ఉన్నవి పిల్లికి ప్రాణాంతకం. మిగిలింది కదా అని పిల్లికి రాయొద్దు.

టిక్ ఫీవర్‌కి మామూలుగా డాక్టర్ రాసే డాక్సీసైక్లిన్ కోర్సు నాలుగు వారాలుంటుంది. ఐదో రోజుకే కుక్క గెంతులేస్తుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు. రెండు నెలల తర్వాత మళ్ళీ అదే జ్వరం, మళ్ళీ అవే పరీక్షలు.

5. ఆడకుక్కకి పిల్లలు పుట్టకుండా గర్భసంచి తీసే ఆపరేషన్ వాయిదా వేయొద్దు

"ఒక్క ఈతైనా ఈనితే ఆరోగ్యం" అంటారు పెద్దవాళ్ళు. దానికి వైద్యంలో ఆధారమేమీ లేదు. ఉన్నదల్లా దీనికి రివర్సే. ఆపరేషన్ చేయించని ఆడకుక్కకి వయసు మీద పడ్డాక, ఎదకు వచ్చి పోయిన ఒకట్రెండు నెలల్లో గర్భసంచి చీముతో నిండిపోవచ్చు. పయోమెట్రా అంటారు. ఉన్నట్టుండి నీళ్ళు తెగ తాగడం, పొట్ట ఉబ్బడం, వెనక నుంచి చీము కారడం దాని గుర్తులు. అప్పుడు చేసేదీ అదే ఆపరేషనే, కానీ విషం ఒళ్ళంతా పాకిన ముసలి కుక్కకి అర్ధరాత్రి చేయాల్సి వస్తుంది. ఖర్చు ఎన్ని రెట్లో ఊహించుకోవచ్చు. చిన్నప్పుడే చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు కూడా తగ్గుతుంది. ఏ వయసులో అన్నది జాతినీ బరువునీ బట్టి డాక్టర్ చెప్తారు.

6. ప్రభుత్వ ఆసుపత్రి గడప తొక్కండి

పశువుల ఆసుపత్రి అంటే గేదెలకీ ఆవులకీ అనుకుంటాం. చాలా ఊళ్ళలో అది నిజమే. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనాలు కూడా ప్రధానంగా పాడి పశువుల కోసం పెట్టినవే. కానీ పట్టణాల్లో కథ వేరు. హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. అక్కడ పొద్దున క్యూలో ఉండేవి ఎక్కువగా కుక్కలూ పిల్లులే. జిల్లా కేంద్రాల్లో వెటర్నరీ పాలీక్లినిక్‌లు ఉన్నాయి.

వీటికంటే నేను ఎక్కువ నమ్మేది వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్ని. తెలంగాణలో పి.వి.నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, వరంగల్ దగ్గర మామునూరులో కాలేజీలున్నాయి. ఆంధ్రలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో ఉన్నాయి. అక్కడ ఎముకల సర్జరీకి, గర్భసంచి సమస్యలకి, మామూలు జబ్బులకి వేర్వేరు ప్రొఫెసర్లుంటారు. వాళ్ళ చుట్టూ పీజీ విద్యార్థులుంటారు. మీ కుక్కని ఐదుగురు చూస్తారు, ఒకరు మిగతావాళ్ళకి పాఠం చెప్తారు, ఆ పాఠం మీరూ వినొచ్చు. బయట రెఫర్ చేసే కష్టమైన కేసులు చివరికి చేరేది చాలావరకు ఇలాంటి చోటికే.

వెళ్ళేటప్పుడు ఇలా చేయండి. పొద్దున్నే వెళ్ళండి, ఓపీ చీటీ ఇచ్చే టైమ్ మధ్యాహ్నానికి అయిపోతుంది. సెలవు రోజులు చూసుకోండి. పరగడుపునే తీసుకెళ్తే మంచిది, రక్తపరీక్షకో మత్తుకో అడిగితే మరో రోజు తిరగక్కర్లేదు. పసిపిల్లల్ని మాత్రం పస్తుంచొద్దు. కుక్క ఎంత సాధువైనా గొలుసు, మూతికి చిక్కం ఉండాలి. క్యూలో పక్క కుక్క సాధువు కాకపోవచ్చు. టీకాలు పూర్తికాని పిల్లని నేల మీద దించొద్దు. కొన్ని మందులు లోపల ఉండవు, బయట కొనుక్కురమ్మంటారు, చేతిలో ఐదొందలు పెట్టుకోండి.

ఉన్న మాట చెప్పాలంటే రాత్రి పూట, పండగ రోజున, వారం రోజులు పడుకోబెట్టాల్సి వచ్చినప్పుడు వీటి మీద పూర్తిగా ఆధారపడలేం. అప్పుడు ప్రైవేటు తప్పదు. అందుకే రెండు చోట్లా ఫైలు ఉండాలి. ఇంటి దగ్గర ఒక ప్రైవేటు డాక్టర్, పెద్ద పనికి కాలేజీ ఆసుపత్రి.

ప్రైవేటులో ఒకటి చూసుకోండి. ప్రిస్క్రిప్షన్ మీద పశువైద్య డిగ్రీ అయిన బీవీఎస్సీ అండ్ ఏహెచ్, దాని పక్కన స్టేట్ వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం రిజిస్టరైన వాళ్ళే వైద్యం చేయాలి. పెట్ షాపులో సూదులు వేసే కుర్రాడు ఎంత మంచివాడైనా డాక్టర్ కాడు.

7. డబ్బు మాట డాక్టర్ దగ్గరే, ముందే ఎత్తండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. నా 35,800లో కొంతైనా తగ్గేది, నేను నోరు తెరిచి ఉంటే.

కౌంటర్‌లో అబ్బాయిని అడిగి లాభం లేదు, అతని చేతిలో ఏమీ ఉండదు. డాక్టర్‌ని అడగాలి. ఎలా అడగాలో తెలీక చాలామంది ఊరుకుంటారు కాబట్టి నేను వాడే మాటలే రాస్తున్నాను:

"డాక్టర్ గారూ, ఈ వారానికి నా దగ్గర ఎనిమిది వేలున్నాయి. అందులో దీనికి ముందు ఏది చేస్తే మేలు?"

ఇలా అంకె చెప్పి అడిగినప్పుడు నన్ను చులకనగా చూసిన డాక్టర్ ఒక్కరూ లేరు. నిజానికి చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అంకె చెప్పకపోతే వాళ్ళు పుస్తకంలో ఉన్నంత రాయాలి కదా.

రెండో ప్రశ్న పరీక్షల దగ్గర: "ఈ టెస్టులో ఏం వస్తే మీరిచ్చే మందు మారుతుంది?" ఏమొచ్చినా మందు మారదంటే ఆ టెస్టు రేపటికి ఆగొచ్చు. పోయినేడాది బూందీ కుంటుతూ వెళ్తే ఎక్స్‌రే, రక్తపరీక్ష, స్కాన్ కలిపి 6,200కి ఎస్టిమేట్ రాశారు. ఈ ప్రశ్న అడిగాను. డాక్టర్ గారు ఒక్క క్షణం ఆలోచించి, పెన్నుతో రెండు వరుసలు కొట్టేసి, "సరే, ముందు ఎక్స్‌రే తీద్దాం. విరగకపోతే ఐదు రోజులు మందులు వాడి చూద్దాం" అన్నారు. విరగలేదు. 1,100తో ఇంటికొచ్చాం.

మూడోది: "ఇక్కడ ఉంచకుండా, రోజూ తెచ్చి సెలైన్ ఎక్కించుకుని తీసుకెళ్తే కుదురుతుందా?" అన్ని జబ్బులకీ కుదరదు. కానీ పార్వోలో కూడా దీని మీద పరీక్ష చేసి చూశారు. అమెరికాలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పశువైద్యులు 40 కుక్కపిల్లల్ని రెండు గుంపులు చేసి 2017లో ఫలితాలు ప్రచురించారు. అన్నిటికీ మొదట సెలైన్‌తో ప్రాణం నిలబెట్టాక, ఒక గుంపుకి పూర్తి ఆసుపత్రి వైద్యం చేశారు. రెండో గుంపుకి చర్మం కింద సెలైన్, రోజుకో వాంతుల సూది లాంటి, ఇంటి నుంచి తిరుగుతూ చేయించుకోగలిగే వైద్యం చేశారు. మొదటి గుంపులో 90 శాతం, రెండో గుంపులో 80 శాతం బతికాయి. ఆ పది శాతం తేడా చిన్నదేం కాదు. డబ్బుంటే ఉంచడమే మేలు. కానీ డబ్బు లేదని పిల్లని ఉత్త చేతులతో ఇంటికి తీసుకుపోయే కుటుంబాలకి ఆ 80 కొండంత.

పడుకోబెట్టాల్సి వస్తే రాతపూర్వకంగా ఎస్టిమేట్ అడగండి, కింద అంకె, పై అంకె రెండూ. పై అంకె దాటేముందు ఫోన్ చేయమని చీటీ మీదే రాయించండి. రోజూ సాయంత్రం ఆ రోజు దాకా ఎంతైందో కనుక్కోండి.

బిల్లులో ఇంకొకటి చూడండి. జంతువులకి వెటర్నరీ క్లినిక్ చేసే వైద్యసేవలకి జీఎస్టీ లేదు. కన్సల్టేషన్ మీదో ఆపరేషన్ మీదో పన్ను కలిపితే ఎందుకని అడగొచ్చు. స్నానం, క్షవరం లాంటి గ్రూమింగ్‌కీ, విడిగా కొనే డబ్బా ఆహారానికీ పన్ను ఉంటుంది, అది మామూలే.

పరీక్షలు రెండోసారి చేయించకుండా ఉండటానికి సులువైన దారి ఫైలు. ప్రతి రిపోర్టూ, ఎక్స్‌రే ఫొటో, ప్రిస్క్రిప్షన్ ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. కుక్కకి ఫిట్స్ వచ్చినా, దగ్గినా, కుంటినా వెంటనే ఫోన్‌తో వీడియో తీయండి. ఆసుపత్రికి వెళ్ళగానే సగం జంతువులు ఏమీ ఎరగనట్టు బుద్ధిగా నిలబడతాయి. దాంతో లేని రోగం కోసం వెతుకులాట మొదలవుతుంది.

8. మందులు

పశువైద్యులు రాసే మాత్రల్లో చాలా మనుషులకి వాడేవే. డాక్సీసైక్లిన్, అమాక్సిసిలిన్ లాంటివి. "జెనరిక్ పేరు రాయండి డాక్టర్ గారూ" అని అడగండి. ఆ చీటీతో జనౌషధి కేంద్రంలో కొంటే ధర చాలా తగ్గుతుంది. క్లినిక్‌లోనే కొనాలన్న నియమం ఏమీ లేదు.

అలా అని చీటీ లేకుండా సొంతంగా వేయొద్దు. పిల్లికి ఒక్క పారాసిటమాల్ బిళ్ళ చాలు, చంపేయడానికి. కుక్కకి ఐబూప్రొఫెన్ ఇస్తే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ. "జ్వరంగా ఉంది కదా అని సగం బిళ్ళ వేశాం" అన్న మాట డాక్టర్లు రోజూ వింటారు. ఆ సగం బిళ్ళ చేసిన హానికి విడిగా వైద్యం చేయాల్సి వస్తుంది.

వంటింట్లో కూడా ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, పరమాన్నంలో వేసే ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కకి విషమే. ఉడికిన కోడి ఎముకలు పగిలి గుచ్చుకుంటాయి. ఇంకోటి ఎవరూ చెప్పరు: మామిడి టెంక. వేసవిలో చప్పరించి పడేసిన టెంకని కుక్క ఒక్క గుటకలో మింగుతుంది, పేగులో అడ్డం పడుతుంది, పొట్ట కోసి తీయాలి. మే, జూన్ నెలల్లో మా ఇంట్లో చెత్తబుట్ట మీద ఇటుక ఉంటుంది.

9. ఇప్పుడు పరిగెత్తాలా, తెల్లారేదాకా ఆగొచ్చా

రాత్రి ఛార్జీ ఊరికే కట్టకుండా ఉండాలంటే ఇది తెలియాలి. ఇంట్లో వంద రూపాయల డిజిటల్ థర్మామీటర్ ఒకటి దానికోసం ప్రత్యేకంగా పెట్టండి. మొనకి కొబ్బరినూనె రాసి మలద్వారంలో పెట్టి చూస్తే కుక్కకి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలు. మనకి జ్వరం అనిపించే అంకె దానికి ఆరోగ్యం. పై పెదవి ఎత్తి చిగురు చూడండి, గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి.

చిగుళ్ళు తెల్లగానో నీలంగానో ఉంటే ఆగొద్దు. ఊపిరాడకపోతే, ఫిట్స్ ఐదు నిమిషాలైనా ఆగకపోతే, పెద్ద జాతి కుక్క పొట్ట డప్పులా బిగుసుకుని వాంతి రాక ఊరికే ఓకరిస్తుంటే, బండి గుద్దితే, పాము కాటేస్తే, టీకాలు పూర్తికాని పిల్ల కక్కుతూ నెత్తురు పోతుంటే వెంటనే బయల్దేరండి. మగపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుని చుక్క కూడా రాకపోతే అది మలబద్ధకం కాదు, మూత్రనాళం మూసుకుపోయింది. తెల్లారేదాకా ఆగితే ప్రాణానికే ముప్పు. ఎలుకల మందు తింటే ఆ ప్యాకెట్ కూడా పట్టుకెళ్ళండి, మందుని బట్టి వైద్యం పూర్తిగా మారిపోతుంది. ఎండదెబ్బ తగిలితే ముందు మామూలు నీళ్ళతో ఒళ్ళంతా తడిపి, ఫ్యాను పెట్టి, ఆ తర్వాత ఆటో ఎక్కండి.

ఒకసారి కక్కి మళ్ళీ ఆడుకుంటోందా, నీళ్ళు తాగి నిలుపుకుంటోందా, చెవి గోక్కుంటోందా, కుంటుతున్నా కాలు నేల మీద మోపుతోందా, పొద్దున వెళ్ళండి.

10. ఇన్సూరెన్స్

ప్రభుత్వ రంగంలోని న్యూ ఇండియా అష్యూరెన్స్‌తో సహా కొన్ని కంపెనీలకి పెంపుడు కుక్కల పాలసీలున్నాయి. నేను తీసుకోలేదు, నా ఆర్డీయే నాకు ఇన్సూరెన్స్. కానీ ఖరీదైన జాతి ఉన్నవాళ్ళు చూడొచ్చు. సంతకం పెట్టేముందు వయసు పరిమితి, మొదటి ఎన్ని రోజులు క్లెయిమ్ ఉండదు, ఓపీ ఖర్చు ఇస్తారా లేక ఆపరేషన్‌కేనా, బిల్లులో మీ వాటా ఎంత అన్నవి చదవండి. టీకాలు వేయించిన రుజువు లేకపోతే టీకాతో ఆగే జబ్బుకి డబ్బు రాకపోవచ్చు. మళ్ళీ ఆ స్టిక్కరే.

11. నిజంగా డబ్బు లేనప్పుడు, లేదా డబ్బుతో పని కానప్పుడు

డాక్టర్‌ని మూడు విషయాలు అడగొచ్చు. తక్కువ ఖర్చుతో ఇంకో దారి ఉందా? వాయిదాల్లో కట్టొచ్చా? కాలేజీ ఆసుపత్రికి రెఫరల్ రాసిస్తారా? రాసివ్వని డాక్టర్ తక్కువ.

ముసలి జంతువు విషయంలో ఇంకో ప్రశ్న ఉంది, అడగడానికి ధైర్యం కావాలి: "ఇది మీ కుక్కే అయితే ఏం చేస్తారు?" మా కింద ఫ్లాట్‌లో అంకుల్ వాళ్ళ పొమేరియన్‌కి పదమూడేళ్ళు. రెండు కిడ్నీలూ పోయాయి. ఒకచోట వారం అడ్మిషన్‌కి ముప్ఫై వేలన్నారు. ఆయన వాళ్ళమ్మగారు "కుక్కకి డయాలసిస్ ఏంట్రా?" అని కోప్పడ్డారు, తర్వాత ఆవిడే ఎక్కువ ఏడ్చారు. అంకుల్ పాత డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళి ఈ ప్రశ్న అడిగారు. ఆయన కాసేపు ఊరుకుని, "నేనైతే ఇంటికి తీసుకెళ్తాను" అన్నారు. మెడ వెనక చర్మాన్ని గుడారంలా ఎత్తిపట్టి కింద సూది ఎలా దించాలో, ఎంత సెలైన్ వెళ్ళాక ఆపాలో కూర్చోబెట్టి నేర్పించారు. బాధ పడుతున్నట్టు కనిపిస్తే ఫోన్ చేయమన్నారు, ఇంటికొచ్చి సూదితో శాశ్వతంగా నిద్రపుచ్చుతానని, దానికెంతవుతుందో కూడా ఆ రోజే చెప్పారు.

కర్టెన్ రాడ్‌కి సీసా తగిలించి, రోజు విడిచి రోజు అంకులే ఎక్కించేవారు. సీసాలు, సూదులు, వాంతుల మాత్రలు కలిపి వారానికి ఏడెనిమిది వందలు. నలభై ఒక్క రోజులు అలా నడిచింది. నలభై రెండో రోజు పొద్దున అది పెరుగన్నం గిన్నె దగ్గరికి కూడా రాలేదు. అంకుల్ ఫోన్ చేశారు.